బ్రేకాయిల్‌కి వీఆర్ఎస్ ఎప్పుడు?

విశాఖపట్నంలో కొత్త వ్యాను కొన్నవాడు షోరూములోంచి నేరుగా ఇంటికి పోడు. ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికి పోతాడు. ముందు అద్దానికి కుంకుమ బొట్లు, బంపరుకి బంతిపూల దండ, రేకు మీద పసుపుతో స్వస్తిక్, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. పంతులుగారు కానివ్వమని చెయ్యి ఊపగానే బండి కదులుతుంది. నాలుగు కాయలూ టప్పున చితుకుతాయి. ఆ క్షణం నుంచి ఈ బండికి ఏమీ కాదని ఓనరుగారి గట్టి నమ్మకం. ఎంత గట్టిదంటే, ఆ తర్వాత ఐదారేళ్ల పాటు బ్రేకాయిల్ డబ్బా మూత తీసి చూడాల్సిన అవసరం ఆయనకి కనపడదు.

నాకు వినాయకుడితో పేచీ లేదు. ఆయన విఘ్నాలు తొలగిస్తాడు. బ్రేకాయిల్లో చేరిన నీళ్లు తొలగించడం ఆయన డ్యూటీ కాదు. ఆ పనికి ఒక స్పానరు, మూరెడు ప్లాస్టిక్ గొట్టం, ఓనరు జేబులోంచి మూడొందలో నాలుగొందలో రూపాయలు కావాలి. మొదటి రెండూ గాజువాక ఆటోనగర్లో ఏ షెడ్డులోనైనా దొరుకుతాయి. మూడోదే ఈ మహానగరంలో దొరకడం లేదు.

పెద్ద బండ్ల ఊసు నేను ఎత్తడం లేదు. ఉక్కు కాయిల్స్ మోసుకొచ్చే ట్రైలర్లకూ, ఆర్టీసీ బస్సులకూ గాలితో పనిచేసే బ్రేకులు. వాటి రోగాలు వేరు, వాటి వైద్యులు వేరు. నేను మాట్లాడేది ఈ ఊరిని నిజంగా నడిపిస్తున్న చిన్న బండ్ల గురించి. 2005లో టాటా ఏస్ రోడ్డెక్కిన దగ్గర్నుంచి దోస్తులు, బొలెరో పికప్పులు, ఈకోలు అన్నీ కలిసి విశాఖను వీపున వేసుకున్నాయి. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్లో ఐసుపెట్టెలు ఎక్కేది వాటిలోనే. పూర్ణా మార్కెట్ సరుకు, గ్యాస్ సిలిండర్లు, వాటర్ క్యాన్లు, కొరియర్ పార్సిళ్లు, పెళ్లి సామాన్లు, పరవాడ ఫార్మా సిటీకి షిఫ్టు మనుషులు, ఆదివారం పూట అరకు చూసొచ్చే కుటుంబాలు, అందరూ అన్నీ అందులోనే. ఇంత సంతనీ ఆపేది ఏమిటయ్యా అంటే, డ్రైవరు కాలికీ చక్రాలకీ మధ్య సన్నటి గొట్టాల్లో ఉన్న అర లీటరు, మహా అయితే లీటరు ద్రవం.

ఆ ద్రవం చేసే పని ఒక్కటే. కాలు నొక్కిన నొక్కుడుని చక్రం దాకా మోసుకుపోవడం. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్లో పిస్టన్ ముందుకు జరుగుతుంది, గొట్టాల్లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడి ముందు చక్రాల దగ్గర ప్యాడ్లనీ వెనక డ్రమ్ముల్లో లైనర్లనీ నెడుతుంది. ద్రవాన్ని నొక్కినా అది కుంచించుకుపోదు కాబట్టి ఇదంతా సాగుతుంది. వంద కిలోల మనిషి తొక్కినా, బక్కపల్చని కుర్రాడు తొక్కినా మధ్యలో మింగేయకుండా చక్రానికి చేరవేస్తుంది. మన వ్యవస్థలో మధ్యలో మింగకుండా పని చేసేది ఇదొక్కటే కావచ్చు. అందుకేనేమో దీన్ని ఎవరూ పట్టించుకోరు.

దీనికి ఒకే ఒక్క బలహీనత ఉంది, నీళ్లు. డాట్ 3, డాట్ 4 అని మనం వాడే బ్రేకాయిళ్లు పేరుకే ఆయిళ్లు. అవి గ్లైకాల్ జాతి రసాయనాలు. నూనె నీళ్లని దూరం పెడుతుంది, ఇవి పిలిచి మరీ కూర్చోబెడతాయి. మూతకుండే సన్నటి గాలి దారిలోంచి, రబ్బరు గొట్టాల గోడల్లోంచి కూడా గాలిలోని తేమ లోపలికి చేరుతూనే ఉంటుంది. ఎక్కడో రాజస్థాన్ ఎడారిలో అయితే నెమ్మదిగా చేరుతుందేమో. ఉతికిన చొక్కా ఆరేసిన రెండో రోజుకి గానీ ఆరని ఊరు మనది. ఇక్కడ బ్రేకాయిల్ రోజూ సముద్రస్నానం చేస్తున్నట్టే లెక్క.

ఇప్పుడు అంకెలు చెప్తాను, ఓనర్లకు అంకెలంటేనే గురి కాబట్టి. సీలు తీసిన తాజా డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హామీ 140కి పడిపోతుంది. డాట్ 4 తాజాగా 230, అదే నీటి శాతంతో 155. అర లీటరులో 3.7 శాతం అంటే సుమారు నాలుగు టీ చెంచాల నీళ్లు. నాలుగు చెంచాల నీళ్లకి డెబ్బై డిగ్రీల ప్రాణం పోతుంది. కొండ దిగేటప్పుడు డిస్కులూ డ్రమ్ములూ కొన్ని వందల డిగ్రీలు వేడెక్కడం మామూలే. ఆ వేడి లోపలికి పాకి ద్రవాన్ని మరిగిస్తే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుడుపడదు గానీ ఆవిరి పడుతుంది. డ్రైవరు బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోతుంది. పెడల్ మెత్తగా, ఏ అడ్డూ లేకుండా, నేల దాకా పోతుంది. బండి మాత్రం దాని దారిన అది పోతుంది.

ఈ రోగంలో ఉన్న అసలు మాయ ఇప్పుడు చెప్పాలి. బండి గుద్దుకుంది, జనం మూగారు, పోలీసులొచ్చారు, అంబులెన్సు వచ్చింది, ట్రాఫిక్ మళ్లించారు. ఈ లోపల బ్రేకులు చల్లబడతాయి. ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది. మర్నాడు బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారు వచ్చి పెడల్ తొక్కి చూస్తే అది గట్టిగా, సుబ్బరంగా, ఏ పాపం ఎరగనట్టు నిలబడుతుంది. లీకు లేదు, గొట్టం తెగలేదు, డబ్బాలో లెవెల్ ఉంది. ఇక మిగిలింది ఎవరు? డ్రైవరు. వాడు ఆస్పత్రి మంచం మీదనుంచి "తొక్కేను బాబూ, దిగిపోనాది" అని మొత్తుకుంటూనే ఉంటాడు. రాసుకునేవాడు "అతివేగం, నిర్లక్ష్యం" అని రాసుకుంటూనే ఉంటాడు. హత్య చేసి, కత్తిని ఆవిరి చేసి, మళ్లీ కత్తిగా మార్చి వంటింట్లో యథాస్థానంలో పెట్టే హంతకుణ్ని ఏ డిటెక్టివ్ నవలాకారుడూ ఊహించలేదు. మన వ్యాన్లలో వాడు డబ్బా మూత కిందే కాపురం ఉంటున్నాడు.

అరకు దారి తీసుకోండి. పైనుంచి అనంతగిరి మీదుగా శృంగవరపుకోట దాకా దిగితే సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు కరిగిపోవాలి. బరువుతో కలిపి రెండు టన్నుల బండి వెయ్యి మీటర్లు దిగితే వదిలించుకోవాల్సిన శక్తి రెండు కోట్ల జౌళ్ల దగ్గర్లో ఉంటుంది. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు మూడు తెచ్చి, ఆ నీళ్లన్నీ తెర్లించడానికి సరిపడే వేడి అది. గాలి కొంత తీసుకుంటుంది, రోడ్డు కొంత తీసుకుంటుంది. సెకండు గేరులోనో థర్డులోనో దింపితే పెద్ద వాటా ఇంజనే భరిస్తుంది. కానీ మన ఓనరుగారు బండి అప్పజెప్పేటప్పుడే డ్రైవరుకి ఉపదేశం చేసి ఉంటారు: "దిగుడులో న్యూట్రల్ కొట్టీరా, డీజిల్ మిగులుద్ది." దాంతో ఇంజను వాటా కూడా బ్రేకుల నెత్తినే పడుతుంది. మిగిలిన డీజిల్ ఎంత? ఒకటో రెండో లీటర్లు. దానికి పణంగా పెట్టింది ఎంత? ఆ లెక్క ఓనరుగారి పుస్తకంలో లేదు, ఎందుకంటే ఆ సీట్లలో ఆయన లేడు.

అరకు దాకా పోనక్కర్లేదు. సింహాచలం కొండ ఉంది. యారాడ దిగుడు ఉంది. హనుమంతవాక దగ్గర వాలు ఉంది, కింద సిగ్నలు ఉంది, సిగ్నలు దగ్గర ఆగిన స్కూటర్లున్నాయి, వాటి మీద ముందు నిలబడ్డ పిల్లలున్నారు. ఇదంతా కొండలకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు. ఇక్కడ బండి ఎక్కడికి పోయినా ఎక్కాలి, దిగాలి. దేశంలో ఏ ఊరికైనా బ్రేకాయిల్ మీద శ్రద్ధ ఉండాలంటే అది ఈ ఊరికి ముందుండాలి.

శ్రద్ధ ఎలా ఉందో చూడాలంటే స్పేరుపార్టుల కొట్టు కౌంటరు దగ్గర ఓ పది నిమిషాలు నిలబడండి, చాలు.

"బ్రేకాయిల్ ఇయ్యండి."

"ఏది కావాలి?"

"ఏదోటి. తక్కువది."

ఇంజనాయిల్ కొనేటప్పుడు బ్రాండు అడుగుతారు, గ్రేడు అడుగుతారు, స్క్రాచ్ కార్డుందా అని కూడా అడుగుతారు. బ్రేకాయిల్ దగ్గరికొచ్చేసరికి "ఏదోటి". ఇంకొంచెం తెలివైనవాడు ఉంటాడు. వాడికి అంకె పెద్దదైతే సరుకు మంచిదని పుట్టుకతో వచ్చిన జ్ఞానం. మూడు కంటే నాలుగు గొప్ప, నాలుగు కంటే ఐదు గొప్ప, ఆరుంటే ఆరే ఇయ్యండి అంటాడు. నాలుగు దాకా వాడి లెక్క సరే. డాట్ 3 చెప్పిన బండిలో డాట్ 4 పోసినా మామూలుగా పేచీ రాదు. ఐదు దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. డాట్ 5 సిలికోన్. అది గ్లైకాల్‌తో కలవదు, నీళ్లతో కలవదు, ఎవరితోనూ కలవదు. పాత గ్లైకాల్ ఉన్న డబ్బాలో దాన్ని పోస్తే బ్రేకులు చేసినట్టు కాదు, ప్రయోగం చేసినట్టు. అది చాలదన్నట్టు డాట్ 5.1 అని ఇంకొకటుంది. అది మళ్లీ గ్లైకాలే, 260 డిగ్రీల దాకా మరగదు, మూడుతోనూ నాలుగుతోనూ కలుస్తుంది. ఐదుకీ ఐదు పాయింట్ ఒకటికీ ఇంత వైరం పెట్టిన అమెరికా రవాణాశాఖ వాళ్లకి కూడా ఒక నమస్కారం. మన వైపు పేర్లు పెట్టే ఆఫీసర్ల మీద ఉన్న కోపం కొంత వాళ్ల మీదికి మళ్లించవచ్చు.

అయినా ఈ పాండిత్యం ఎవరికీ అక్కర్లేదు. ఏ గ్రేడు పోయాలో ఆ డబ్బా మూత మీదే కంపెనీవాడు ప్లాస్టిక్‌లో అచ్చు వేసి పెట్టాడు. చెరిగిపోదు, చిరిగిపోదు, పాస్‌వర్డ్ అడగదు. పోర్టు బొగ్గు ధూళి పొర ఒకటి ఉంటుంది, గుడ్డతో తుడిస్తే అక్షరాలు బయటపడతాయి. అలా తుడవడం మూత తీసే ముందు ఎలాగూ చెయ్యాలి, లేకపోతే ఆ ధూళి లోపల పడుతుంది. అంటే చదవడానికి విడిగా కష్టపడాల్సిన పని కూడా లేదు. బండి వెనక "నన్ను చూసి ఏడవకురా" అని రాయించడానికి స్టిక్కర్ల షాపులో అరపూట కూర్చునే ఓనరు, ఆ మూత మీద నాలుగు అక్షరాలు చదవడానికి టైము లేదంటాడు.

ఇక కక్కుర్తికి పరాకాష్ఠ కొట్టులో కాదు, షెడ్డులో కనిపిస్తుంది. ఆర్నెల్ల కిందట సీలు తీసి సగం వాడి, మూత వదులుగా పెట్టి, అలమరలో దాచిన సీసా. అందులో తేమ ఎప్పుడో చేరిపోయింది. అయినా అది "కొత్త ఆయిలే". ఇంకో షెడ్డులో బ్రేకాయిల్ లేదని పవర్ స్టీరింగ్ ఆయిల్ పోస్తారు, ఇంజనాయిల్ పోస్తారు. పెట్రోలియం నూనె తగిలితే బ్రేకుల్లో ఉన్న రబ్బరు వాషర్లు ఉబ్బుతాయి. ఉబ్బిన వాషరు సిలిండర్లో ఇరుక్కుంటుంది, పిస్టన్ వెనక్కి రాదు, చక్రం పట్టేస్తుంది. ఆ తర్వాత మార్చాల్సింది ఆయిలొక్కటే కాదు, మాస్టర్ సిలిండర్ కిట్టు నుంచి గొట్టాల దాకా రబ్బరు తగిలిన ప్రతిదీ. మూడొందలు మిగుల్చుకోబోయి వేలు పోసిన ఓనరు అప్పుడు మెకానిక్కుని తిడతాడు. మెకానిక్కు డ్రైవర్ని తిడతాడు. డ్రైవరుకి తిట్టడానికి ఎవరూ ఉండరు, అందుకని హారన్ కొడతాడు.

టాప్‌అప్ అనేది ఇంకో జాతీయ వ్యాధి. లెవెల్ తగ్గింది, కాస్త పోశారు, లైటు ఆరిపోయింది, దండం పెట్టి వెళ్లిపోయారు. ఆ లెవెల్ ఎందుకు తగ్గిందో ఎవడూ అడగడు. బ్రేకాయిల్ ఖర్చయ్యే సరుకు కాదు. తగ్గిందంటే రెండే కారణాలు: ప్యాడ్లూ లైనర్లూ అరిగాయి, లేదా ఎక్కడో కారుతోంది. రెండూ చూడాల్సినవే. పైన పోసేస్తే రెండూ కనపడవు, ఇక ఉన్న ఆయిల్లోని నీళ్లు ఎక్కడికీ పోవు. పాత పాపాల మీద కొత్త తీర్థం చల్లడం ఇది.

మార్చడం ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూద్దాం. ఆటోనగర్లో ఒక షెడ్డు, పేరెందుకు. మేస్త్రి కింద పడుకున్నాడు, కుర్రాడు స్టీరింగు ముందు కూర్చున్నాడు. ముందు డబ్బాలోని మురికి పీకేసి కొత్తది పోశారు. స్టీరింగు కుడివైపు ఉంటుంది గనుక మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికంటే దూరం ఎడమ వెనక చక్రం, అక్కడ మొదలుపెట్టారు (కంపెనీ పుస్తకం వేరే వరస చెప్తే పుస్తకమే ఖాయం). నిప్పల్‌కి గొట్టం తొడిగి, రెండో కొస సీసాలో కొంచెం ఆయిల్లో ముంచి ఉంచాడు మేస్త్రి. "కొట్టు! కొట్టు! కొట్టు! పట్టుకో!" కుర్రాడు పెడల్ తొక్కి పట్టుకున్నాడు. మేస్త్రి స్పానరుతో నిప్పల్ పావు చుట్టు వదిలాడు. గొట్టంలోంచి డికాక్షన్ రంగులో ద్రవం, దానితో పాటు నల్లటి నలకలు. "వదలకురా, నేను బిగించీదాకా వదలకు!" బిగించాడు. "ఇప్పుడొదులు." మళ్లీ కొట్టు. డబ్బాలో లెవెల్ అడుగంటకుండా మధ్యమధ్యలో పోస్తూ, బుడగలు ఆగి, రంగు లేత తేనె రంగుకి వచ్చేదాకా అదే వరస. తర్వాత రెండో వెనక చక్రం, ఆపైన ముందువి. గంట పని, గంటన్నర పని. ఇంత చిన్న పని ఇంత అందంగా చేసే మేస్త్రులు ఈ ఊళ్లో వందల మంది ఉన్నారు. వాళ్ల చేత చేయించేవాళ్లే లేరు.

పని మధ్యలో ఫోను మోగింది. ఓనరుగారు.

"అయిపోనాదేటి?"

"వెనకాల ఓ పక్కయ్యింది బాబూ. ఆయిల్ మొత్తం మార్చీమంటారా?"

"ఏటి మార్చడం? మొన్న దసరాకి మార్చీసేం గదా."

"అది ఇంజనాయిలు బాబూ."

"ఏదైతే ఏటి, ఆయిలే గదా. లెవెలుందా?"

"ఉంది గానీ నల్లగైపోనాది."

"నల్లగైతే నువ్వు తాగుతావేటి? రేపు అరకు ట్రిప్పుంది. బండి ఇచ్చీ."

మేస్త్రి ఏం చేస్తాడు? మంచి మేస్త్రి అయితే నోరు మూసుకుని మిగిలిన మూడు చక్రాలూ పూర్తిచేసి తన చేతి డబ్బు పోగొట్టుకుంటాడు. మామూలు మేస్త్రి నిప్పల్ బిగించేసి, సీసాలోకి దింపిన ఆ నల్లటి ద్రవాన్నే గుడ్డలో వడకట్టి మళ్లీ డబ్బాలో పోసేస్తాడు. వడకడితే నలకలు పోతాయి, నీళ్లు పోవు. ఓనరుగారి డబ్బూ పోదు. అందరూ సుఖం.

ఒక్క చుక్క కింద పడి బండి రంగు మీద జారిందనుకోండి, అప్పుడు చూడాలి ఓనరుగారి ఆవేశం. గ్లైకాల్ పెయింటుని తినేస్తుంది, వెంటనే నీళ్లతో కడక్కపోతే మచ్చ పడుతుంది. ఆ మచ్చ కోసం ఆయన షెడ్డు దాకా వస్తాడు, మేస్త్రిని నిలదీస్తాడు, నష్టపరిహారం అడుగుతాడు. బ్రేకాయిల్ మీద ఆయన జీవితంలో శ్రద్ధ చూపిన ఏకైక సందర్భం అదే. లోపల ఉన్నప్పుడు ఏమైనా ఫరవాలేదు, నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడు. బయట పడితేనే ఆయనకి నొప్పి.

ఈ ఓనరు చదువురానివాడని మీరు అనుకుంటే పొరపాటు. చదువురానివాడైతే నేను ఇంత సిరా ఖర్చుచెయ్యను. ఈ ఊళ్లో వ్యాన్ల ఓనర్లలో ఫ్యాక్టరీ మనుషులున్నారు. గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని బ్లాస్ట్ ఫర్నేసులకి పేర్లు పెట్టుకుని, ఇనుముని నీళ్లలా పారించే ఉక్కు ప్లాంటులో ముప్ఫై ఏళ్లు పనిచేసినవాళ్లు. అక్కడ హైడ్రాలిక్ ఆయిల్లో నీళ్లు చేరితే ఏమవుతుందో నాకంటే వాళ్లకే బాగా తెలుసు. శాంపిల్ సీసాలో పట్టి ల్యాబుకి పంపే అలవాటు వాళ్లదే. వాళ్లలో ఒకాయన 2025లో వీఆర్ఎస్, అంటే స్వచ్ఛంద పదవీ విరమణ, తీసుకున్నాడనుకుందాం. వచ్చిన డబ్బుతో రెండు పాత వ్యాన్లు కొని ట్రావెల్సుకి తిప్పుతున్నాడు. ప్లాంటు గేటు దాటగానే ఆయన మెటలర్జీ అంతా ఆవిరైపోయింది. మనిషి అలిసిపోయాడని వీఆర్ఎస్ ఇచ్చిన యాజమాన్యం మీద ఆయనకి లక్ష ఫిర్యాదులున్నాయి. తన వ్యానులో ఆరేళ్లుగా డ్యూటీ చేస్తూ నల్లబడి, నీరుపట్టి, మరిగిపోవడానికి సిద్ధంగా ఉన్న అర లీటరు ఉద్యోగికి మాత్రం వీఆర్ఎస్ ఇవ్వడు. సాధారణంగా రెండేళ్లకో అంతకు ముందో దీన్ని మార్చమంటారు. ఈ ఉప్పుగాలిలో, ఈ కొండల మీద రోజూ బరువులు మోసే బండికి ఏడాదికోసారి మార్చమంటే అది దుబారా అని నేననుకోను.

1966లో ఈ ఊరు ఉక్కు కోసం ప్రాణాలిచ్చింది. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని గొంతు చించుకుంది. 2021 జనవరిలో ఢిల్లీవారు ఆ ప్లాంటుని అమ్మేస్తామన్నప్పుడు మళ్లీ కూర్మన్నపాలెంలో టెంటు వేసింది. 2025 జనవరిలో ఢిల్లీవారే దానికి 11,440 కోట్లు ప్రకటిస్తే ఆ అంకెని నెల రోజులు టీ కొట్ల దగ్గర చర్చించింది. అది కోట్ల మాట, ఢిల్లీ మాట. కూర్మన్నపాలెం జంక్షన్లో షిఫ్టు వదిలిన మనుషుల ముందు ఒక వ్యాను ఆగడం మాత్రం మూడొందల మాట, ఈ ఊరి మాట. పోరాడి తెచ్చుకున్న ఉక్కు ఎంత గట్టిదైనా, ఆగని బండి ముందు ఉన్నది మాంసం.

చట్టం ఏమంటుందో కూడా ఓనరుగారికి చదివి వినిపించాలి, ఎందుకంటే ఇక్కడ హాస్యం నాది కాదు, పార్లమెంటుది. మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద డ్రైవరు మీద కేసు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టంలో నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. పాత ఐపీసీలో రెండేళ్లుండేది. డ్రైవరుకి శిక్ష పెరిగింది, మంచిదే. మరి ఓనరు? మోటారు వాహనాల చట్టంలో 190వ సెక్షన్ ఉంది. లోపమున్న బండిని నడిపినవాడే కాదు, నడపనిచ్చినవాడు కూడా దోషే. ఆ లోపం తెలిసి ఉన్నా, మామూలు జాగ్రత్త తీసుకుంటే తెలిసేదైనా సరే. మూత తీసి ఆ నలుపు చూడడం మామూలు జాగ్రత్త కాకపోతే మరేది? చట్టం ఇక్కడ నిక్కచ్చిగానే ఉంది. మొదటి తప్పుకి శిక్ష? 1,500 రూపాయల జరిమానా. ఆ లోపం వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయలు, లేదా రెండూ. నాలుగు సార్లు బ్రేకాయిల్ మార్పించడానికయ్యే డబ్బుతో మొదటి జరిమానా కట్టేసి హాయిగా ఉండొచ్చని చట్టమే లెక్క తేల్చిపెట్టింది. ఆ జరిమానా అయినా ఎవరు కడతారు? ఆవిరి సాక్ష్యం చెప్పదు గదా.

ఇక ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అనే మహాయజ్ఞం. ఎనిమిదేళ్ల లోపు రవాణా బండికి రెండేళ్లకోసారి, ఆపైన ఏడాదికోసారి. ఆ ముందు వారం చూడాలి మన ఓనరు చురుకుతనం. రంగు వేయిస్తాడు, ఎర్ర స్టిక్కరు తెల్ల స్టిక్కరు అంటిస్తాడు, ఇండికేటర్లు వెలిగిస్తాడు, అవసరమైతే మంచి టైర్లు ఒక్క రోజుకి అరువు తెచ్చి బిగిస్తాడు. బ్రేక్ పరీక్ష కూడా ఉంటుంది. ఖాళీ బండి, చల్లటి బ్రేకులు, రోలర్ల మీద కొన్ని క్షణాలు. చల్లటి బ్రేకాయిల్లో నాలుగు చెంచాలు కాదు, పది చెంచాల నీళ్లున్నా ఆ రోలర్లకి తెలియదు, ఎందుకంటే అక్కడ ఏదీ మరగదు. రోగం కొండ మీదుంటే పరీక్ష నేల మీద. పాసైన కాగితం పట్టుకుని ఓనరుగారు గర్వంగా గేటు దాటతాడు. టైర్లు తిరిగి ఇచ్చేస్తాడు. బ్రేకాయిల్ మాత్రం అరువు తెచ్చింది కాదు గనుక లోపలే ఉంటుంది, ఎప్పట్లాగే.

తేమ చూపించే పెన్నులాంటి చిన్న సాధనం బజార్లో దొరుకుతుంది. అది రాజుగారి వైద్యుడేం కాదు, ఉజ్జాయింపుగా చెప్తుంది, అంతే. అయినా ఎఫ్‌సీ దగ్గర ఒకటి పెట్టమని అడిగితే టెండరు పిలుస్తారు, కమిటీ వేస్తారు, ఆ కమిటీ అధ్యయనానికి అరకు వెళ్తుంది, మనలాంటి వ్యానులోనే. అంత దూరం ఎందుకు. నా దగ్గర ఖర్చులేని పద్ధతి ఒకటుంది.

ఎఫ్‌సీకి వచ్చిన ప్రతి వ్యానునీ అనంతగిరి పైకి తీసుకుపోవాలి. ఆర్సీ బుక్కులో రాసినంత బరువూ ఎక్కించాలి, కిలో తక్కువ కాకుండా. డ్రైవరు పక్క సీట్లో ఓనరుగారిని కూర్చోబెట్టి బెల్టు పెట్టాలి. ఆయన రోజూ డ్రైవరుకి చెప్పే ఉపదేశం ప్రకారమే, న్యూట్రల్లో, శృంగవరపుకోట దాకా దింపాలి. కిందికి చేరినవారికి అక్కడికక్కడే ఎఫ్‌సీ.

ఈ మాట ఒక ఓనరుగారితో అంటే ఆయన నవ్వలేదు. "నేనా? ఆ బండిలోనా? మీకేటైనా మతిపోనాదేటండీ?" అన్నాడు. ఆ బండిలో మొన్న ఆదివారం పన్నెండు మంది అరకు వెళ్లొచ్చారు.

ఈ రూలు రానక్కర్లేదు. వస్తుందని ఒక్క పుకారు పుట్టించండి చాలు. ఆ సాయంత్రానికి గాజువాకలో డాట్ 4 సీసా ఒక్కటి మిగలదు. షెడ్ల ముందు వ్యాన్లు బారులు తీరతాయి, మేస్త్రులు రాత్రి డ్యూటీలు చేస్తారు, కొట్టువాడు సీసా వెయ్యి రూపాయలంటే మన ఓనరుగారు బేరమాడకుండా రెండు ఇమ్మంటాడు.